డబ్బా ఆయనది, ఫోటోలు అందరివీ

బీరువా తాళంచెవి ఇంట్లో ఒక్కరికే తెలిసిన చోట ఉంటే ఎంత ఇబ్బందో మన అమ్మమ్మలకి బాగా తెలుసు. తాళాల గుత్తి బొడ్లో దోపుకుని తిరిగే మామ్మగార్లు కూడా, తీర్థయాత్రకి వెళ్ళేముందు దాన్ని కోడలి చేతిలోనో కూతురి చేతిలోనో పెట్టి మరీ బండెక్కేవారు. ఇప్పుడు మనం బ్యాంకు ఖాతాకి నామినీ రాస్తున్నాం, లాకరు ఇద్దరి పేరు మీదా తీసుకుంటున్నాం. ఎల్ఐసీ బాండ్లు ఏ ఫైల్లో ఉన్నాయో మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు. కానీ టీవీ పక్కన పచ్చ లైటు మిణుకు మిణుకుమంటూ కూర్చున్న ఆ నల్ల డబ్బా సంగతి అడిగితే మాత్రం, పదిళ్ళల్లో తొమ్మిదిళ్ళల్లో ఒకటే జవాబు. "అదా, అది ఆయన చూసుకుంటారు."

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఒక్కరికి మాత్రమే తెరవడం వచ్చిన డబ్బాని ఇంటి డబ్బా అనకూడదు. అందులోంచి ఒక్క ఫైలైనా బయటికి తీసి చూసుకోకుండా "బ్యాకప్ ఉంది" అనడం, రేషన్ కార్డు ఉంది కాబట్టి డబ్బాలో బియ్యం ఉన్నట్టే అనుకోవడం లాంటిది. ఈ రెండు పనులూ ఆడవాళ్ళ నెత్తినే వేసుకోమని నేను చెప్పడం లేదు, ఉన్నవి చాలు. కానీ ఆ తాళాలు మన చేతికి కూడా రావాలి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. దీన్ని నాస్ అంటారు. లోపల ఒకటో రెండో హార్డ్ డిస్కులుంటాయి. మామూలు హార్డ్ డిస్కు లాప్‌టాప్‌కి గుచ్చితేనే కనిపిస్తుంది. ఇది అలా కాదు, వైరుతో వైఫై రౌటరుకి తగిలించి ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరి ఫోన్లోంచైనా, ఏ గదిలోంచైనా దీంట్లోకి ఫోటోలు పంపొచ్చు, చూడొచ్చు. మా ఇంట్లోది నాలుగు టెరాబైట్లది. కంప్యూటర్లో చూస్తే 3.63 అనే చూపిస్తుంది. కొట్టువాడు మోసం చేశాడని మా అత్తగారు చాలా రోజులు అనుమానపడ్డారు. మోసం కాదులెండి. డిస్కు చేసేవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కపెడుతుంది, అంతే తేడా.

ఇవి మన ఇళ్ళల్లోకి ఎందుకు వచ్చాయో మీకూ తెలుసు. గూగుల్ ఫోటోస్‌లో ఎన్ని ఫోటోలైనా ఉచితంగా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. మెయిలు, ఫోటోలు, ఫైళ్ళు అన్నీ కలిపి 15 జీబీ. ఆ తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సప్ బ్యాకప్ కూడా ఆ 15 జీబీలోకే లెక్క వెయ్యడం మొదలైంది. మన వాట్సప్ అంటే తెలుసుగా, రోజూ పొద్దున్నే పూలగుత్తుల శుభోదయాలు ఎన్నొస్తాయో! మెమరీ నిండిపోయిందని ఫోను రోజూ సతాయిస్తుంటే, మగవాళ్ళో ఎదిగిన పిల్లలో ఒక డబ్బా కొని తెచ్చి, ఆదివారం పూటంతా కూర్చుని బిగించి, "ఇంక బెంగ లేదు" అనేశారు. ఇంట్లో మిగతావాళ్ళకి దాని పేరు, దాని లైటు తప్ప ఇంకేమీ తెలియదు.

సరే, ముందు తాళాల సంగతి.

మా వారు క్యాంపులో ఉండగా మా అమ్మాయి పాస్‌పోర్టు పని పడింది. పుట్టిన సర్టిఫికెట్ స్కాన్ చేసి ఆ డబ్బాలోనే పెట్టాం, అది కావాలి. ముందురోజు రాత్రి గాలివానకి కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే డబ్బా మాయం. ఎప్పుడూ కనిపించే చోట ఎర్రటి ఇంటూ గుర్తు. ఈయన ఫోను స్విచాఫ్. మా అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు, "డిస్కు పోయిందేమో అమ్మా, తాతయ్య వీడియోలు కూడా పోయాయేమో" అని. మా మావగారు దాని ఓణీల ఫంక్షన్‌లో భాగవత పద్యాలు చదివిన వీడియో అందులోనే ఉంది. ఆయన పోయి నాలుగేళ్ళు. ఆ గొంతు మా దగ్గర ఉన్నది ఆ ఒక్క చోటే.

నేను ముందు చూసింది లైట్లు. పచ్చగానే ఉన్నాయి, చెవి పెట్టి వింటే డిస్కు తిరుగుతున్న చప్పుడు కూడా వస్తోంది. అంటే బతికే ఉంది, మనకి కనపడడం లేదు, అంతే. ఈ తేడా గుర్తుంచుకోండి. "కనపడడం లేదు" అన్నదానికీ "పోయింది" అన్నదానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. మనిషి ఇల్లు మారితే పాత ఇంటికెళ్ళి తలుపు కొట్టి లేడనుకుంటాం చూడండి, ఎక్కువసార్లు ఇక్కడ జరిగేది కూడా అదే.

ఎలాగంటే, ఇంట్లో ప్రతి ఫోనుకీ, లాప్‌టాప్‌కీ, ఈ డబ్బాకీ రౌటరు ఒక్కో ఇంటి నంబరు ఇస్తుంది. చుక్కలతో నాలుగు అంకెల గుంపులుగా ఉంటుంది, ఐపీ అడ్రస్ అంటారు. ఆ నంబరు శాశ్వతం కాదు. కరెంటు పోయి రౌటరు మళ్ళీ మొదలైతే డబ్బాకి నిన్న ఒక నంబరు, ఇవాళ ఇంకో నంబరు ఇవ్వొచ్చు. లాప్‌టాప్ మాత్రం నిన్నటి నంబరుకే వెళ్ళి తలుపు కొడుతూ ఉంటుంది. మా ఇంట్లో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇంటర్నెట్ కంపెనీవాడు పెట్టిన ఫైబరు డబ్బాకి ఒక వైఫై, మేము విడిగా కొన్న రౌటరుకి ఇంకో వైఫై. హాల్లో ఒకటి బాగా అందుతుంది, పడగ్గదిలో ఇంకొకటి. నాస్ తగిలించి ఉన్నది మా రౌటరుకి. నా లాప్‌టాప్ ఆ పొద్దున ఫైబరు డబ్బా వైఫై పట్టుకుని కూర్చుంది. రెండూ రెండు వేరే వీధులు. ఒక వీధిలో నిలబడి ఇంకో వీధిలో ఇల్లు వెతికితే దొరుకుతుందా?

వైఫై మార్చాను. అయినా రాలేదు, అడ్రస్ కూడా మారింది కాబట్టి. రౌటరు పేజీలోకి వెళితే దానికి తగిలి ఉన్నవాటన్నిటి జాబితా ఉంటుంది. ఆ పాస్‌వర్డు మా అబ్బాయికి తెలుసు, ఏదో గేము కోసం ఎప్పుడో కనుక్కున్నాడట. (అది ఏ గేమో, ఎన్ని గంటలకి ఆడేవాడో తర్వాత విడిగా విచారణ జరిగిందిలెండి.) జాబితాలో డబ్బా పేరు, కొత్త నంబరు కనిపించాయి. లాప్‌టాప్‌లో ఫైళ్ళు చూసుకునే కిటికీ పైన ఉండే గడిలో రెండు వెనక్కి వాలిన గీతలు కొట్టి ఆ నంబరు వేస్తే తలుపు తెరుచుకుంది. సర్టిఫికెట్ దొరికింది. తాతయ్య కూడా దొరికారు.

మొత్తం గంటన్నర పట్టింది. పది నిమిషాల పని అది. మిగతా గంటా ఇరవై నిమిషాలు ఎందుకు పట్టిందంటే, ఆ డబ్బాకి సంబంధించిన ఒక్క ముక్క కూడా ఇంట్లో ఎక్కడా రాసిపెట్టి లేదు కాబట్టి. మా వారు తిరిగొచ్చాక అన్నది "నాకు ఫోన్ చేసి ఉండాల్సింది" అని. చేశానండీ, పదకొండు సార్లు! ఆయన చేత ఆ సాయంత్రమే రౌటర్లో డబ్బాకి ఒకే నంబరు ఖాయం చేయించాను. రిజర్వేషన్ అంటారు దాన్ని, రైల్లో బెర్తులాగే. ఇక ఎన్నిసార్లు కరెంటు పోయినా ఆ నంబరు మారదు. డబ్బాని, రౌటర్ని రెండిటినీ ఇన్వర్టరు లైను మీదకి కూడా మార్పించాను. డిస్కు రాస్తున్నప్పుడు హఠాత్తుగా కరెంటు తీసేస్తే, ఒకసారి కాకపోతే ఒకసారి ఫైళ్ళు పాడవుతాయి.

తలుపు తెరుచుకోకపోవడానికి ఇంకా కొన్ని మామూలు కారణాలున్నాయి. ఫోను వైఫై వదిలేసి మొబైల్ డేటా మీద ఉండడం మొదటిది. చుట్టాలకిచ్చే గెస్ట్ వైఫైలో ఉండడం ఇంకొకటి, అందులోంచి ఇంటి లోపలి వస్తువులు కనిపించకుండా అడ్డుగోడ ఉంటుంది. డబ్బా పాస్‌వర్డు మార్చినా విండోస్ తన జ్ఞాపకంలో పాత పాస్‌వర్డే పెట్టుకుని అదే మళ్ళీ మళ్ళీ చెబుతూ ఉంటుంది. మనం సరిగ్గానే కొడుతున్నాం కదా అని తల బాదుకుంటాం. క్రెడెన్షియల్ మేనేజర్ అని వెతికి, అందులో పాతది తీసేస్తే సరిపోతుంది.

కొత్త లాప్‌టాప్ కొన్న రోజునే పాత డబ్బా కనిపించడం మానేస్తే మాత్రం సంగతి వేరు. 2017 చివర్లో వచ్చిన విండోస్ మార్పుల నుంచీ, పాతకాలపు ఎస్ఎంబీ1 అనే భాష మాట్లాడే డబ్బాలతో కొత్త కంప్యూటర్లు మాట్లాడడం మానేశాయి. అదే సంవత్సరం మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా ఆసుపత్రుల్ని కూడా స్తంభింపజేసింది గుర్తుందా, అది చొరబడింది ఆ పాత భాషలో ఉన్న కంత లోంచే. యూట్యూబులో కుర్రాళ్ళు "ఈ ఒక్క టిక్కు పెట్టండి, వచ్చేస్తుంది" అని చెబుతారు. వస్తుంది, నిజమే. దొడ్డి తలుపు గొళ్ళెం తీసి పెట్టినా చుట్టాలు తేలిగ్గానే వస్తారు. నేనైతే డబ్బాకే అప్‌డేట్ ఉందేమో చూస్తాను, లేకపోతే అందులోవన్నీ తీసి వేరేచోట పెట్టుకుని దానికి సెలవు చెప్పేస్తాను.

ఇక బ్యాకప్ విషయానికొస్తే, మా మరిదికీ నాకూ ఎప్పటి నుంచో వాదన. "రెండు డిస్కులున్నాయి వదినా, ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లో కూడా పడుతుంది. ఒకటి చచ్చినా ఇంకోటి ఉంటుంది. ఇంకేం బ్యాకప్ కావాలి నీకు?" అంటాడు. సాఫ్ట్‌వేర్ అబ్బాయి, వాడికి తెలియక కాదు. డిస్కు చెడిపోవడం ఒక్కటే ప్రమాదం అనుకుంటాడు, అక్కడే నాకు నచ్చదు.

ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు. ఎవరో ఒకరు ఫోల్డరు చెరిపేస్తారు. మొదటి డిస్కులో చెరిగిన క్షణంలోనే రెండో దాంట్లోనూ చెరిగిపోతుంది, అద్దంలో బొమ్మ కదా. పిడుగు పడి కరెంటు ఎక్కువొచ్చి డబ్బా మాడితే రెండు డిస్కులూ ఒకే చోట ఉన్నాయి. దొంగ ఎత్తుకుపోతే డబ్బాతో సహా పోతాయి. ఇవి కాక ఇంకో రకం దొంగలున్నారు. 2021 జూన్‌లో డబ్ల్యూడీ మై బుక్ లైవ్ అనే డబ్బాలున్నవాళ్ళు ఎంతోమంది పొద్దున్నే లేచి చూసేసరికి లోపల అంతా ఖాళీ. ఎవరో ఇంటర్నెట్ లోంచి చొరబడి, కొన్నప్పుడు ఎలా ఉందో అలా తుడిచిపెట్టేశారు. ఆ మోడలుకి కంపెనీ 2015 తర్వాత అప్‌డేట్లే ఇవ్వలేదు, పని చేస్తోంది కదా అని జనం వాడుకుంటూనే ఉన్నారు. మరుసటి ఏడు జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ముఠా, ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి ఉన్న క్యూనాప్ డబ్బాల్లో ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తియ్యాలంటే 0.03 బిట్‌కాయిన్ కట్టమని అడిగింది. అద్దాలు ఎన్ని పెట్టుకున్నా ఇలాంటివాటిని ఆపలేవు.

ఇవన్నీ మనకి కొత్త విషయాలు కావండీ. ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టిన ఏ ఆడపిల్లకైనా తెలిసినవే. పెద్ద జాడీకి వాసెన కట్టి అటక మీదో స్టోరు గదిలోనో పెడతాం. రోజూ వాడుకోవడానికి చిన్న సీసాలోకి తీసుకుంటాం. తడి గరిటె పడినా, పిల్లలు చెయ్యి పెట్టినా చిన్న సీసాయే పాడవుతుంది. పెద్ద జాడీని రోజూ భోజనాల బల్ల మీద పెట్టుకుంటే ఏమవుతుంది? బూజు పడితే మొత్తం పోతుంది. ఇరవై నాలుగు గంటలూ రౌటరుకి తగిలి ఉండే ఆ నాస్ డబ్బా చిన్న సీసా. పని అయ్యాక వైరు పీకి బీరువాలో పెట్టే మామూలు యూఎస్‌బీ డిస్కు పెద్ద జాడీ. మా ఇంట్లో ఇది తలకిందులుగా ఉండేది, చిన్న సీసా ఒక్కటే ఉండేది.

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఒకటుంది. ఏదైనా మూడు కాపీలు, రెండు వేరు వేరు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. ఇంటి బయట అంటే అందరూ క్లౌడ్ అంటారు. నా మూడో కాపీ మా పుట్టింట్లో ఉంది. రెండు యూఎస్‌బీ డిస్కులు కొన్నాం. ఒకటి ఇక్కడ, ఒకటి అమ్మ బీరువాలో పట్టుచీరల కింద. సంక్రాంతికి వెళ్ళినప్పుడు కొత్తగా నింపింది అక్కడ పెట్టి అక్కడున్నది తెచ్చుకుంటాను, వేసవి సెలవుల్లో మళ్ళీ మార్పిడి. మహా అయితే ఏడెనిమిది నెలల ఫోటోలకి రిస్కు. అది నేను భరించగలను. పుట్టింటికి వెళ్ళడానికి ఇంకో వంక దొరికిందని మా వారు ఎగతాళి చేస్తారు, చెయ్యనివ్వండి.

క్లౌడ్ వద్దనడం లేదు. కాగితాలు, సర్టిఫికెట్లు, పొలం దస్తావేజులు, ఓ వంద ముఖ్యమైన ఫోటోలు అక్కడ కూడా ఒక కాపీ ఉండాలి, వాటికి 15 జీబీ బోలెడు. మొత్తం ఇంటి వీడియోలన్నీ పెట్టాలంటే మాత్రం నెలనెలా కట్టే డబ్బుతో పాటు సమయం కూడా లెక్క చూసుకోండి. సెకనుకి వంద మెగాబిట్ల వేగంతో ఒక్క టెరాబైటు పైకి ఎక్కించాలంటే ఎక్కడా ఆగకుండా 22 గంటలు పైనే పడుతుంది. మనకి ఎక్కడా ఆగకుండా ఏదైనా జరుగుతుందా! పైగా ఆ ఖాతా ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది? మళ్ళీ ఆయన ఫోనుకే.

ఇది నాకు మామూలు చిరాకు స్థాయి నుంచి పట్టుదలగా మారింది మా పై అంతస్తులో ఉండే ఆవిడ వల్ల. వాళ్ళాయన చాలా పద్ధతైన మనిషి. ఇరవై ఏళ్ళ ఫోటోలు సంవత్సరాల వారీగా, ఫంక్షన్ల వారీగా ఫోల్డర్లు చేసి డబ్బాలో పెట్టారు, పాత వీడియో క్యాసెట్లు కూడా డబ్బిచ్చి మార్పించి అందులోకి ఎక్కించారు. గుండెపోటుతో రెండు రోజుల్లో పోయారు. బ్యాంకు పనులు, పెన్షను పనులు మెల్లగా అయ్యాయి, ప్రతిదానికీ ఆవిడ పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉంది. డబ్బాకి లేదు. ఆయన ఫోను కూడా ఆయన వేలిముద్రతోనే తెరుచుకునేది.

ఆవిడ కొట్టుకి తీసుకెళితే, ఆ కుర్రాడు డిస్కు ఊడదీసి విండోస్ కంప్యూటరుకి తగిలించాడు. "ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా" అని స్క్రీను మీద వచ్చింది. ఈ డబ్బాల్లో ఎక్కువ భాగం లినక్స్ పద్ధతిలో డిస్కు రాస్తాయి, ఆ రాత విండోస్‌కి చదవడం రాదు, తనకి చదవడం రానిదాన్ని ఖాళీ డిస్కు అనుకుని అలా అడుగుతుంది. అవునని నొక్కితే ఇరవై ఏళ్ళకీ నీళ్ళొదులుకోవడమే. పక్కనే ఉన్న ఎవరిదో అబ్బాయి "ఆంటీ, వద్దనండి" అన్నాడట, ఆ పిల్లాడు చల్లగా ఉండాలి. తర్వాత వాళ్ళ చుట్టాలబ్బాయి లినక్స్ ఉన్న కంప్యూటర్లో కుస్తీ పట్టి చాలా ఫోటోలు బయటికి తీశాడు. ఒక ఫోల్డరుకి మాత్రం ఆయన విడిగా ఎన్‌క్రిప్షన్ తాళం వేసుకున్నారు. ఆ తాళం ఏమిటో ఆయనతోనే పోయింది. క్యాసెట్ల లోంచి మార్పించినవన్నీ అందులోనే. వాళ్ళ పెళ్ళి వీడియో కూడా.

"ఆయన అన్నీ జాగ్రత్తగా దాచారమ్మా, నాక్కూడా దొరకనంత జాగ్రత్తగా" అందావిడ నాతో. ఆ డిస్కుని ఇప్పటికీ తువ్వాల్లో చుట్టి పెట్టుకుంది.

ఆ రాత్రే మా వారితో మాట్లాడాను. ఆయన అడ్డు చెప్పింది అర్థం లేనిదేమీ కాదు. అడ్మిన్ పాస్‌వర్డు ఎంతమందికి తెలిస్తే అంత ప్రమాదం, పిల్లలు ఏదో నొక్కుతారు, ఫోన్లో వైరస్ వస్తే డబ్బా అంతా పాడవుతుంది అన్నారు. ఒప్పుకున్నాను. అందుకే రోజువారీ వాడకానికి అడ్మిన్ ఎవరూ వాడకూడదు, ఆయనతో సహా. ఇంట్లో తలా ఒక ఖాతా. ఉమ్మడి ఫోటోల ఫోల్డరు పిల్లలకి చూడ్డానికే గానీ చెరపడానికి వీల్లేదు. అడ్మిన్ పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అంటించి, ఎల్ఐసీ బాండ్ల ఫైల్లో. ఆ కాగితం మీద పాస్‌వర్డు ఒక్కటే ఉంటే చాలదు. డబ్బా కంపెనీ, మోడలు, రౌటరు పాస్‌వర్డు, ఖాయం చేసిన ఆ నంబరు, ఎన్‌క్రిప్షన్ తాళం వేసి ఉంటే అది, బ్యాకప్ డిస్కులు ఎక్కడెక్కడున్నాయి, "డిస్కు ఊడదీసి విండోస్‌కి పెట్టినప్పుడు ఫార్మాట్ అంటే వద్దనండి" అన్న ముక్క, ఇవన్నీ ఉండాలి. తెలుగులో రాయించాను, మా అత్తగారు చదివినా అర్థమయ్యేట్టు. ఫోనులో నోట్సులో రాసుకుంటానన్నారు ముందు. ఆ ఫోను తెరవలేకే కదా పై ఆవిడ అంత అవస్థ పడింది.

ఇంకో మాట, ఇది ముఖ్యంగా మనకి. అడ్మిన్ అయినవారు తలుచుకుంటే మామూలుగా అన్ని ఫోల్డర్లూ చూడగలరు. మన ఫోను యాప్ గ్యాలరీ మొత్తాన్ని ఎక్కిస్తుంటే, డాక్టరు రిపోర్టులు, చెల్లెలితో మాట్లాడుకున్న మాటల స్క్రీన్‌షాట్లు, బట్టల కొట్టు ట్రయల్ రూములో తీసుకున్న ఫోటోలు అన్నీ అందులోకి వెళతాయి. దాచుకోవాల్సిన రహస్యాలున్నాయని కాదు, ప్రతి మనిషికీ ఒక సొంత అర ఉండాలి కదా. యాప్ సెట్టింగుల్లో కెమెరా ఫోల్డరు ఒక్కటే ఎంచుకోండి. కోడళ్ళకీ, వయసొచ్చిన ఆడపిల్లలకీ ఇది మనమే చెప్పాలి, బిగించినవాళ్ళకి ఆ ఆలోచనే రాదు.

ఆ యాప్‌ల గురించి కూడా ఓ హెచ్చరిక. అవి చెప్పకుండా ఆగిపోతాయి. బ్యాటరీ ఆదా చేస్తానని ఫోను వెనకాల నడిచే యాప్‌లని పీక నొక్కేస్తుంది. మా అత్తగారి ఫోన్లోంచి ఉగాది దాకానే ఫోటోలు ఎక్కాయి. అది దసరాకి బయటపడింది, ఆవిడే "నా బొమ్మల కొలువు ఫోటోలు అందులో లేవేమే" అని అడిగితే. యాప్ తెరిస్తే మాత్రం "అంతా భద్రం" అన్నట్టు పచ్చటి టిక్కు! ఆ టిక్కుని నమ్మొద్దు. డబ్బాలో మీ ఫోల్డరు తెరిచి చివరి ఫోటో తారీఖు చూడండి. బ్యాటరీ సెట్టింగుల్లో ఆ యాప్‌కి ఆంక్షలు తీసెయ్యండి.

నెలకో ఆదివారం నేను చేసేది ఒక్కటే. యూఎస్‌బీ డిస్కు తెచ్చి, నాస్‌కి సంబంధం లేకుండా, లాప్‌టాప్‌కి పెట్టి, అందులోంచి ఒక పాత ఫోటో, ఒక కొత్త ఫోటో, ఒక వీడియో తెరుస్తాను. వీడియో చివరిదాకా ఆడుతుందో లేదో చూస్తాను. సగం కాపీ అయిన వీడియో మొదటి నిమిషం బాగానే ఆడుతుంది. మేము ఎక్కువసార్లు మావగారి పద్యాలే పెడతాం. పావుగంట పని. మా అత్తగారు ఆ పావుగంటకి కుర్చీ తెచ్చుకుని కూర్చుంటారు.

నన్నడిగితే, అసలు చాలా ఇళ్ళకి ఈ నాస్ అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, రెండు మూడు ఫోన్లు ఉన్న ఇంటికి రెండు మామూలు డిస్కులు, ఒక క్లౌడ్ ఖాతా, నెలకో గంట ఓపిక ఉంటే సరిపోతుంది. అడ్రస్ మారడాలు, అప్‌డేట్లు, బయటి దొంగలు, ఏ బాధా ఉండదు. ఐదారుగురు ఉండి, అందరూ తెగ ఫోటోలు తీసే ఇంటికైతే దీనివల్ల నిజంగా సుఖం ఉంది, కాదనను. కానీ ఊరెళ్ళినప్పుడు కూడా బయటి నుంచి చూసుకోవాలనే సరదాతో దాన్ని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం మాత్రం నాకు ససేమిరా ఇష్టం లేదు. మా ఇంట్లో ఆ ద్వారం మూయించేశాను.

మా డబ్బాకి కంపెనీ ఇంకా అప్‌డేట్లు ఇస్తోంది. ఎప్పుడు ఆపితే అప్పుడు దాన్ని తీసేసి, ఇంకోటి కొనకుండా డిస్కులతోనే నడుపుదామని నేను. అప్పటికి నాలుగు డిస్కులు పట్టే పెద్దది తీసుకుందామని ఆయన, మా మరిది కూడా ఆయన పక్కే. ఆ వాదన ఇంకా తేలలేదు.